మంచులోనూ దాహమే



1984లో ‘నేచర్’ అనే విజ్ఞాన పత్రికలో ఒక చిన్న వ్యాసం అచ్చయింది. రాసింది జపాన్ పరిశోధకుడు షిరో కోషిమా. నేపాల్‌లోని లాంగ్‌టాంగ్ లోయలో యాలా అనే హిమానీనదం ఉంది. సముద్రమట్టానికి అయిదు వేల మీటర్లకు పైన, ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే ఆ మంచు మీద నడుస్తున్న ఒక పురుగును ఆయన చూశాడు. సాయంత్రం పూట చెరువు గట్ల మీద ముఖం చుట్టూ ముసిరే, కుట్టని దోమల్లాంటి పురుగులు అందరూ ఎరిగినవే. ఇది ఆ కుటుంబానిదే. కాకపోతే దీని రెక్కలు కురచబారిపోయాయి, ఎగరలేదు. కాళ్ళతోనే మంచు మీద, మంచు పగుళ్ళలో తిరుగుతుంది. చలి సున్నాకు 16 డిగ్రీల దిగువకు పోయినా దాని నడక ఆగలేదు. పిల్లపురుగులు మంచు కరిగి పారే సన్నటి కాలువల్లో పెరుగుతాయి. ఆ నీళ్ళలోని నాచు, బాక్టీరియాలే వాటి తిండి. గుడ్డు మొదలు చావు దాకా దాని బతుకంతా మంచు మీదే. తరువాత ఆ పురుగుకు కోషిమా పేరే పెట్టారు: డయామెసా కోషిమై.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని చెప్పుకునే కర్నూలు, కడప సీమలో ఇలాంటి పురుగు ఉండదు. నల్లమలలో ఎంత ఎత్తయిన శిఖరమైనా 1,100 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. రాయలసీమ మొత్తంలో చల్లని చోటని పేరున్న హార్సిలీ కొండలు కూడా 1,300 మీటర్ల లోపే. ఒక కిలోమీటరు ఎత్తు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుందని లెక్క. ఆ లెక్కన ఇక్కడి కొండల మీద మంచు నిలవాలంటే అవి ఇప్పటి ఎత్తుకు నాలుగైదు రెట్లు పెరగాలి.

అయినా హిమాలయాల మంచు పురుగునూ, సీమలోని మెట్టచేల పురుగునూ ఒకే ప్రసంగంలో పక్కపక్కన పెట్టడానికి బలమైన కారణం ఉంది. ఈ రెంటినీ చంపేది ఒకటే, ఒంట్లో నీరు కరువవడం. ఒకచోట చలి చేసే పనిని మరోచోట ఎండ చేస్తుంది.

చలి నీటిని ఎలా లాగుతుందో చూద్దాం. పురుగుల్లో చాలావాటికి మనలాగా ఒంట్లో నిలకడైన వేడి ఉండదు. చుట్టూ ఉన్న గాలి ఎంత చల్లబడితే ఒళ్ళూ అంత చల్లబడుతుంది. చలి ముదిరినప్పుడు ఒంట్లోని ద్రవంలో, కణాలకు బయట, మంచు పలుకులు కడతాయి. అలా మంచుగా మారేది నీరు ఒక్కటే. లవణాలు, చక్కెరలు మిగిలిన ద్రవంలోనే ఉండిపోతాయి కాబట్టి ఆ ద్రవం అంతకంతకూ చిక్కబడుతుంది. ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు నీరు వదిలినట్టు, కణాలు తమలోని నీటిని ఆ చిక్కటి ద్రవంలోకి వదిలేస్తాయి. పైనుంచి చూసేవారికి పురుగు చలికి చచ్చినట్టు కనిపిస్తుంది. లోపల జరిగింది మాత్రం ఎండిపోవడమే. పైగా చుట్టూ కొండలంత మంచు ఉన్నా గడ్డకట్టిన నీరు దాహం తీర్చదు. చలికాలపు కొండగాలిలో తేమ కూడా చాలా తక్కువ.

ఎండ సంగతి సీమవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అయితే పురుగుకు మనిషికన్నా ఎక్కువ కష్టం. శరీరం ఎంత చిన్నదైతే, బరువుతో పోల్చినప్పుడు పైచర్మం అంత ఎక్కువగా ఉంటుంది. అందువల్ల ఉన్న కాస్త నీరూ తొందరగా ఆవిరైపోతుంది. పురుగుల చర్మం మీద కంటికి కనిపించనంత పలచని మైనపు పొర ఉంటుంది. అది చెదిరితే గంటల్లోనే ప్రాణం పోతుంది. ఇంట్లో నిల్వ ధాన్యంలో బూడిద కలిపే పాత అలవాటు పనిచేసేది ఇందువల్లే. బూడిద ఆ మైనపు పొరను గీకి, పీల్చి, పురుగును ఎండబెడుతుంది.

మంచు ప్రాంతాల పురుగులు ఈ నీటి గండాన్ని దాటే తీరు ఒక్కొక్క దానిది ఒక్కొక్క రకం.

న్యూజిలాండ్ కొండల్లో రాతిపలకల కింద వేటా అనే పురుగు ఉంటుంది. మిడతలకు, కీచురాళ్ళకు బంధువు, రెక్కలుండవు. అది గడ్డకట్టడానికి ఒప్పేసుకుంటుంది. ఒంట్లోని నీటిలో నూటికి 82 పాళ్ళు మంచైపోయినా, సున్నాకు 10 డిగ్రీల దిగువ దాకా తట్టుకుని, ఎండ తగలగానే కరిగి నడక మొదలుపెడుతుంది. అలాస్కాలో చెట్ల బెరడు కింద ఉండే ఎర్రని చదునైన పెంకుపురుగు పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. అది ఒంట్లో మంచు కట్టనే కట్టనివ్వదు. శీతాకాలం ముందే గ్లిసరాల్‌ను పోగుచేసుకుంటుంది, మంచు పలుకులను పెరగనివ్వని ప్రత్యేక ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది, ఒంట్లో నీటిని తగ్గించుకుంటుంది. ప్రయోగశాలలో దాని పిల్లపురుగులను సున్నాకు 100 డిగ్రీల దిగువకు తీసుకుపోయినా కొన్ని బతికాయి.

చలికి ఇంతగా అలవాటు పడితే వేడి శత్రువవుతుంది. కెనడాలోని బాన్ఫ్ దగ్గర సల్ఫర్ పర్వతం మీద దొరికిన మంచు పురుగు ఒకదాన్ని 1914లో వాకర్ అనే శాస్త్రవేత్త మొదటిసారి వర్ణించాడు. గ్రిల్లోబ్లాటా అని దాని పేరు. దాన్ని కాసేపు అరచేతిలో పట్టుకుంటే చాలు, ఆ వెచ్చదనానికే చచ్చిపోతుంది.

ఇక కోషిమా చూసిన పురుగుకు ఇద్దరు దాయాదులున్నారు. చలికీ కరువుకీ ఉన్న చుట్టరికం వీటిలో తేటతెల్లంగా కనిపిస్తుంది.

మొదటిది అంటార్కిటికాలోది, పేరు బెల్జికా. ఆ ఖండానికే ప్రత్యేకమైన పురుగు. పొడవు అర సెంటీమీటరు అటూ ఇటూ, రెక్కలు లేవు. రెండేళ్ళు పిల్లపురుగుగానే నేలలో గడిపి, పెద్దదయ్యాక కొద్ది రోజులకే చనిపోతుంది. చలి కాలం వచ్చేసరికి చుట్టూ ఉన్న మంచుకు తన ఒంటి నీటిని వదిలేస్తుంది. నూటికి 70 పాళ్ళ దాకా నీరు పోయినా చావదు. గడ్డకట్టడానికి ఒంట్లో నీరే లేకుండా చేసుకోవడం దాని ఉపాయం.

రెండోది ఆఫ్రికాలో, నైజీరియా వంటి ఎండదేశాల్లో, బండల మీది చిన్న గుంటల్లో పుడుతుంది. వాన పడితే గుంట నిండుతుంది, ఎండ కాస్తే కొద్ది రోజుల్లో ఇగిరిపోతుంది. నీటితో పాటే గుంట అడుగున ఉన్న పిల్లపురుగూ ఎండిపోతుంది. ఒంట్లో 3 శాతం నీరు మిగిలినా, మళ్ళీ వాన పడితే గంట తిరిగేసరికి కదులుతుంది. ఆంగ్ల శాస్త్రవేత్త హోవర్డ్ హింటన్ దీన్ని 1951లో ప్రపంచానికి పరిచయం చేశాడు. అలా ఎండబెట్టిన పిల్లపురుగులు 17 ఏళ్ళ తరువాత తడి తగిలితే లేచాయి. ఎండిన స్థితిలో వాటిని ద్రవ హీలియంలో, అంటే సున్నాకు 270 డిగ్రీల దిగువన ముంచి తీసినా మళ్ళీ బతికాయి. అవి పుట్టినచోట మంచన్నది పడదు. కరువు నేర్పిన విద్యే చలికీ అక్కరకొచ్చింది.

బెల్జికాకూ, ఆఫ్రికా పురుగుకూ ఆధారం ట్రెహలోజ్ అనే ఒక చక్కెర. నీరు పోయినచోట అది చేరి కణాల పొరలు, ప్రొటీన్లు చితికిపోకుండా నిలబెడుతుంది. ఇదేమీ అరుదైన పదార్థం కాదు. పురుగుల్లో చాలావాటి నెత్తుటిలో తిరిగే చక్కెర ఇదే. బుడ్డల చేలో ఆకు తినే గొంగళిలోనూ ఉంటుంది. కరువు తట్టుకునే జాతులు దాన్ని ఎన్నో రెట్లు పోగుచేసుకుంటాయి.

ఒంటి లోపలి ఏర్పాట్లు ఎన్ని ఉన్నా, ఏ పురుగుకైనా మొదటి రక్ష తలదాచుకునే చోటే. ఈ సంగతిని భారతదేశంలో అందరికన్నా శ్రద్ధగా పట్టించుకున్నవాడు ఎం.ఎస్. మణి. 1908లో పుట్టిన ఈ తమిళ శాస్త్రవేత్త ఆగ్రాలోని సెయింట్ జాన్స్ కళాశాలలో పనిచేస్తూ, 1950ల మధ్యలో వాయవ్య హిమాలయాలకు వరసగా యాత్రలు నడిపించాడు. ఎత్తయిన కొండల పురుగుల మీద 1962లో ఆయన రాసిన ఇంగ్లీషు గ్రంథం ఆ శాస్త్రానికి పునాది పుస్తకాల్లో ఒకటి. చెట్లు మొలవడం ఆగిపోయిన ఎత్తుకు పైన పురుగులు ఎలా ఉంటాయో ఆయన చూసి రాశాడు. చిన్నవిగా, నల్లగా లేదా ముదురు రంగులో ఉంటాయి. నలుపు ఎండను త్వరగా పట్టుకుని ఒంటిని వెచ్చబరుస్తుంది. చాలా జాతులకు రెక్కలుండవు. కొండ గాలిలో ఎగిరితే కొట్టుకుపోవడమే. ఎండ బాగా తగిలే రాళ్ళ కింద, కరుగుతున్న మంచు అంచున, నేల తడిగా ఉన్నచోట గుమిగూడి బతుకుతాయి.

మంచు ఎంత మందంగా పడితే పురుగుకు అంత మేలు. పైన గాలి సున్నాకు 30 డిగ్రీల దిగువన వణికిస్తున్నా, మంచు పొర కింది నేల సున్నా దరిదాపుల్లోనే నిలకడగా ఉంటుంది. తడీ ఆరదు. మంచు పడని ఏడాది పురుగులకు గడ్డురోజులే.

అక్కడ తిండి ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు దక్షిణాన, మైదానాల్లో ఉంది. మైదానాల మీదుగా లేచిన గాలులు పుప్పొడినీ, విత్తనాలనూ, కొట్టుకొచ్చిన పురుగులనూ హిమాలయాల మంచు మీద జారవిడుస్తాయి. మొక్క మొలవని ఎత్తులో ఈ గాలివాటు తిండి మీదే ఎన్నో జీవులు ఆధారపడ్డాయి. ఎవరెస్టు ప్రాంతంలో ఈ సంగతిని లారెన్స్ స్వాన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త వివరంగా రాశాడు.

ఆ మంచే ఇప్పుడు కరిగిపోతోంది. కోషిమా పురుగును చూసిన యాలా హిమానీనదం 1970ల నుంచి ఇప్పటికి మూడింట రెండు వంతులు కరిగిపోయింది, దాని అంచు 784 మీటర్లు వెనక్కి పోయింది. 2025 మే నెలలో శాస్త్రవేత్తలు, బౌద్ధ భిక్షువులు, స్థానికులు ఆ కొండ ఎక్కి, చనిపోతున్న ఆ హిమానీనదానికి నివాళి సభ జరిపారు. వెచ్చదనం పెరిగితే మైదానపు పురుగు కాస్త పైకి జరిగి బతుకుతుంది. మంచు మీదే పుట్టి, మంచు మీదే పెరిగే ఎగరలేని పురుగుకు ఆపైన జరగడానికి చోటు లేదు. ఇది తలచుకుంటే మనసుకు బాధ కలుగుతుంది.

పురుగులన్నీ ఉన్నచోటే ఉండి ఓర్చుకోవు. రెక్కలున్న కొన్ని పురుగులు కాలం మారగానే ఊరు మారతాయి. ఆస్ట్రేలియాలో బోగాంగ్ అనే రెక్కల పురుగు మైదానాల్లో పుట్టి, ఎండలు ముదరకముందే దాదాపు 1,000 కిలోమీటర్లు ఎగిరి చల్లని కొండగుహల్లోకి చేరుతుంది. అక్కడ గోడల మీద చదరపు మీటరుకు 17,000 దాకా ఒకదాన్నొకటి ఒరుసుకుని వేసవంతా నిద్రపోతాయి. 2017 నుంచి 2019 దాకా మైదానాల్లో భయంకరమైన కరువు వచ్చింది. పురుగు పుట్టే చేలు ఎండిపోయాయి, ఆ కొండగుహలు బోసిపోయాయి. 2021లో బోగాంగ్‌ను అంతరించే ప్రమాదం ఉన్న జాతుల పట్టికలో చేర్చారు. హిమాలయాల్లోనూ 4,000 మీటర్లు దాటిన ఎత్తులో, చేలల్లో పేనుబంకను తిని రైతుకు మేలుచేసే అక్షింతల పురుగులు రాళ్ళ కింద కుప్పలుగా చలికాలం గడుపుతూ కనిపిస్తాయి.

సీమ ఆకాశంలో తిరిగే యాత్రికుడు తూనీగ. వానకాలంలో చేల మీద గుంపులుగా గాలిలో తేలే పసుపు రంగు తూనీగ ప్రపంచమంతా తిరిగే జాతి. హిమాలయాల్లో 6,200 మీటర్ల ఎత్తున కూడా దీన్ని చూశారు. వాన నీటితో నిండిన కుంటలో గుడ్డు పెడితే, ఆ కుంట ఎండేలోపే పిల్లపురుగు పెరిగి రెక్కలు తొడుక్కుంటుంది. మాల్దీవుల్లో పనిచేసిన చార్లెస్ ఆండర్సన్ ఏటా అక్టోబరు నుంచి ఆ దీవుల్లో దిగే తూనీగల లెక్కలు రాసిపెట్టి, ఇవి భారతదేశం నుంచి సముద్రం దాటి ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో ప్రకటించాడు. రానూపోనూ 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు. ఒక తరం మొదలుపెట్టిన ప్రయాణాన్ని మనవలు, మునిమనవలు పూర్తిచేస్తారు. వాన ఎక్కడ ఉంటే అక్కడికి, గాలి వాలుగా.

నల్లమల చరియలకు వేలాడే పెద్ద తేనెపట్టులదీ ఇదే దారి. కొండ తేనెటీగ పూత ఉన్నన్నాళ్ళు ఉండి, పూత తగ్గితే పట్టు వదిలి పోతుంది. ఎండలు మండే రోజుల్లో ఈ ఈగలు నీళ్ళు మోసుకొచ్చి, రెక్కలతో విసిరి పట్టును చల్లబరుస్తాయి. చెంచులు తాళ్ళ మీద లోయలోకి దిగి ఈ తేనె తీస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దాన్ని కొని అమ్ముతుంది. పైన తాడు పట్టుకునే పని బావమరిదికే అప్పగిస్తారని చెంచుల్లో చెప్పుకుంటారు. చెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడు మీదే ఉంటాయి కాబట్టి అతను వదలడని నమ్మకం. ఈ ఈగకు హిమాలయాల్లో ఒక అక్క ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద తేనెటీగ అదే, 3 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. 2,500 మీటర్లకు పైన కూడా చరియలకు పట్టు పెడుతుంది. నల్లమల ఈగ పొట్ట పసుపు గోధుమ రంగైతే, దీని పొట్ట నల్లన, వెంట్రుకలు దట్టం. చలికాలం రాగానే అదీ పట్టు వదిలేసి దిగువ అడవుల్లోకి వచ్చి, పట్టు లేకుండానే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా గడిపేస్తుంది.

ఎక్కడికీ పోలేనివి నేలలోకి దిగుతాయి. సీమ పురుగుల అసలు బలం ఇక్కడే ఉంది.

మే నెల మధ్యాహ్నం బీటి నేల పైభాగం 60 డిగ్రీల దాకా కాగుతుంది. జానెడు లోతున ఆ ఉడుకు చాలావరకు తగ్గిపోతుంది. ఇంకాస్త లోతుకు పోతే పగలుకూ రాత్రికీ తేడాయే తెలియదు. హిమాలయాల్లో మంచు పొర చేసే పనిని ఇక్కడ మట్టి చేస్తుంది. చెదలు ఈ రహస్యాన్ని మనుషులకన్నా ఎన్నో లక్షల ఏళ్ళ ముందే పట్టుకున్నాయి. పుట్ట లోపల బూజు తోటలు పెంచుకుంటూ, లోతు నుంచి తడి మట్టి మోసుకొస్తూ, బయట ఎంత మండినా లోపల చల్లగా తేమగా ఉంచుకుంటాయి. తొలకరి పడిన సాయంత్రం పుట్టల్లోంచి రెక్కలతో లేచే ఈసుళ్ళు వాటి పెళ్ళి గుంపులు. దీపం పెట్టి, నీళ్ళ పళ్ళెంలో పట్టి, వేయించుకుని బొరుగులతో తినే పల్లెలు సీమలో ఇప్పటికీ ఉన్నాయి. కడప జిల్లాలో ఒక పక్షి బతుకు కూడా ఈ చెదల మీద, చీమల మీద ఆధారపడి ఉంది. అదే కలివికోడి. 1848లో బ్లైత్ అనే శాస్త్రవేత్త వర్ణించాక, 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. దానికోసమే లంకమల అభయారణ్యం వచ్చింది. ఆ పొదల నేలను యంత్రాలతో చదును చేస్తే పక్షికి నీడ పోవడమే కాదు, కింద చెదలు కట్టుకున్న కొలువూ పోతుంది.

ఇప్పుడు రైతుకు కంటనీరు పెట్టించే పురుగు దగ్గరికి వద్దాం. వేరుశనగను తినే ఎర్ర గొంగళి పురుగు. శాస్త్రవేత్తలు అంసాక్టా ఆల్బిస్ట్రైగా అంటారు. తొలకరి వానలు గట్టిగా పడ్డాక, చీకటి పడిన తరువాత రెక్కల పురుగులు నేలలోంచి లేస్తాయి. ముందు రెక్కలు తెలుపు, వాటి మీద గోధుమ రంగు మచ్చలు, ముందు అంచున పసుపు చార. వెనక రెక్కల మీద నల్ల చుక్కలు. ఒక్కో ఆడపురుగు ఆకుల అడుగున 600 నుంచి 700 దాకా గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. మొదట్లో గుంపుగా ఒకేచోట ఉండి ఆకులో పచ్చదనాన్ని గీకి తింటాయి. ఎదిగేకొద్దీ ఒంటి నిండా ఎర్రటి వెంట్రుకలు వస్తాయి, గుంపులు విడిపోయి ఆకులన్నీ ఈనెల దాకా తినేస్తాయి. ఒక చేను అయిపోతే దండు కట్టి పక్క చేనికి నడుస్తాయి. నెల, నెలన్నరలో కడుపు నిండిన గొంగళి నేలలోకి దిగి, 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతున మట్టిగూడు చేసుకుని ముదురు గోధుమ రంగు ప్యూపాగా మారుతుంది.

అక్కడి నుంచి మొదలవుతుంది దాని అసలు తపస్సు. పంట కోత అయిపోతుంది. చలికాలం పోతుంది. మాఘం, ఫాల్గుణం, చైత్రం, వైశాఖం గడుస్తాయి. నేల నెర్రెలు విచ్చుతుంది. తొమ్మిది పది నెలలు ఆ ప్యూపా తిండి లేకుండా, చుక్క నీరు తాగకుండా, ఊపిరి కూడా అంతంతమాత్రంగా తీస్తూ ఉంటుంది. శాస్త్రంలో దీన్ని నిద్రావస్థ అంటారు. హిమాలయాల పురుగులు చలికాలాన్ని దాటేది కూడా ఇలాంటి నిద్రతోనే. అక్కడ నిద్ర లేపేది వెచ్చదనం, ఇక్కడ లేపేది తడి. సీమ క్యాలెండరు కార్తెలతో నడిచినా, ఈ పురుగు చూసేది నేలలో దిగిన పదునునే. మృగశిర ఎండిపోయి ఆరుద్రలో వాన పడితే అదీ ఆరుద్రలోనే లేస్తుంది.

ఈ నిద్రను తెలుసుకున్న రైతుకు మందు డబ్బా లేకుండానే చేతిలో ఎన్నో పనులుంటాయి. అన్నిటికన్నా ముందు వేసవి లోతు దుక్కి. ఏప్రిల్, మే నెలల్లో మడక గానీ ట్రాక్టరు గానీ పెట్టి లోతుగా దున్నితే, ప్యూపాలు గూళ్ళు పగిలి పైకొస్తాయి. నెలల తరబడి కాపాడుకున్న తడి ఎర్రటి ఎండలో ఆరిపోతుంది. మిగిలినవాటిని నాగలి వెంట నడిచే కాకులు, కొంగలు, గోరింకలు ఏరుకుంటాయి.

తరువాతి అదను తొలకరి తరువాతి రాత్రులు. రెక్కల పురుగులు ఎక్కువగా ఏడు గంటల నుంచి పదకొండు గంటల లోపు తిరుగుతాయి, వెలుతురు మీదికి వస్తాయి. చేల గట్ల మీద మంటలు వేసినా, దీపం కింద కిరసనాయిలు కలిపిన నీళ్ళ పళ్ళెం పెట్టినా గుడ్లు పెట్టకముందే చాలావరకు పోతాయి. అయితే ఒక్క చేనులో మంట వేస్తే పక్క చేనులో పుట్టినవి మిగిలిపోతాయి. 1980ల చివర తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో ఆముదం పంట మీద ఈ పురుగే విరుచుకుపడినప్పుడు, ఊరు ఊరంతా ఒకే రాత్రి మంటలు వేసే పద్ధతిని రైతుల చేత స్వచ్ఛంద సంస్థలు, శాస్త్రవేత్తలు కలిసి చేయించారు. పురుగుమందులు లేని సస్యరక్షణ అని తరువాత పెరిగిన పనికి అది తొలి మెట్లలో ఒకటి.

గుడ్ల ముద్దలున్న ఆకులను, పిల్లపురుగులు గుంపుగా ఉన్న ఆకులను గిల్లి తీసేయడానికి దొరికేది వారం రోజులే. ఆ వారం దాటి వెంట్రుకలు పెరిగి, గుంపు విడిపోయాక మందు కొట్టినా సరిగా తగలదు, ఖర్చు తడిసి మోపెడవుతుంది. చేనిలో అక్కడక్కడ అలసంద, ఆముదం వేసి ఉంటే గుడ్లు ముందు వాటి మీద పడతాయి, వెతుక్కోవడం తేలిక. పక్క చేను నుంచి దండు వస్తుందనుకుంటే గట్టు పక్కన లోతుగా చాలు తీసి, అందులో జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు వేయాలి. నడిచొచ్చే గొంగళ్ళు ఆ కొమ్మల కింద చేరతాయి, అక్కడే ఏరి చంపవచ్చు. చేలో కొన్ని గొంగళ్ళు ఒళ్ళు మెత్తబడి కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తే వాటిని ముట్టుకోకుండా వదిలేయడం మంచిది. అవి ఒక వైరస్ సోకి చచ్చినవి. అది మనిషికీ పశువుకూ ఏమీ చేయదు, మిగిలిన గొంగళ్ళకు మాత్రం అంటుకుంటుంది.

పంట చివర్లో ఒక సంగతి గమనించాలి. ఎదిగిన గొంగళ్ళు నేలలోకి దిగడానికి కాస్త చెమ్మ, కాస్త నీడ ఉన్న చోటు వెతుక్కుంటాయి. అలాంటి చోట్లు చేను మధ్యలో కన్నా గట్ల వెంబడి, కంచె పక్కన, చేలో నిలిచిన వేప, తుమ్మ చెట్ల కింద ఎక్కువ. ట్రాక్టరు నాగలి అక్కడిదాకా పోదు. అందుకని వేసవి దుక్కి చేసేటప్పుడు గట్లనూ, చెట్ల మొదళ్ళనూ పారతో జానెడు లోతున తిరగవేస్తే, వచ్చే తొలకరికి లేవడానికి కాచుకున్న గూళ్ళలో ఎక్కువ భాగం అక్కడే దొరుకుతాయి.